స్త్రీ అంటే ఆరు అక్షరాలట

కావలి,
ఆదివారం రాత్రి

ఒరే శీనా,

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నాను రా, మళ్లీ చేస్తా" అంటావు. ఆ మళ్లీ ఎప్పుడూ రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నా. పెట్టెయ్యడానికి వీల్లేదు, చచ్చినట్టు చదవాలి.

సంగతేందంటే, నేనొక గ్రాంటుకి అప్లికేషన్ రాస్తున్నా. నవ్వకు. జీవితంలో లీవ్ లెటర్ తప్ప ఇంకేదీ అడుగుతూ రాసినవాణ్ణి కాదని నాకూ తెలుసు.

మా చిన్నమ్మమ్మ గుర్తుందా? కలిగిరి అవతల పల్లెలో ఉంటుంది. ఇంటర్ సెలవుల్లో వాళ్లింటికి పోయి మామిడికాయేసిన చేపల పులుసు తిన్నాం. రెండోసారి అడగడానికి నీకు సిగ్గేసి నన్ను మోచేత్తో పొడిచావు, ఆ చిన్నమ్మమ్మే. 1992లో సారా వద్దని రోడ్డు మీద కూర్చున్న ఆడోళ్లలో ఆమె ఒకతి. దూబగుంట పేరు దేశమంతా తెలిసింది, అక్కడ ముందు నిలబడ్డ రోశమ్మ గురించి పేపర్లు రాశాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సారా పాకెట్లు తొక్కి పారబోసినవాళ్ల పేర్లు మాత్రం వాళ్ల మనవళ్లకి కూడా తెలీవు. నాకే తెలీదు, నిన్నమొన్నటిదాకా. చాలామంది పోయారు. ఉన్నవాళ్ల మాటలు వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి పెట్టాలని నా కోరిక. బెంగళూరులో ఒక సంస్థ ఇలాంటి పనికి మూడు లక్షల దాకా ఇస్తుందట, తెలుగులో రాసినా తీసుకుంటారట. ఇంకేం, కూర్చున్నా.

మొదటి డ్రాఫ్టు చూస్తే నువ్వు కళ్లు మూసుకునేవాడివి. "మహిళా సాధికారత నేపథ్యంలో మౌఖిక చరిత్ర యొక్క ఆవశ్యకత" అని మొదలుపెట్టా. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ నా చెయ్యే అట్లా తిరిగిపోయిందనుకుంటా. మా స్కూల్లో సోషల్ చెప్పే మేడం చదివి, "బాగుంది సార్, కానీ మీరేం చేస్తారో చెప్పలేదు" అంది. నాలుగు పేజీలు రాశాను, శీనా! నాలుగు పేజీల్లో ఎవర్ని కలుస్తానో, ఎన్నిసార్లు పోతానో, రికార్డు చేసింది చివరికి ఎక్కడ పెడతానో ఒక్క ముక్క లేదు. సారా ఎంత చెడ్డదో మాత్రం పేజీన్నర ఉంది.

సరే, మళ్లీ రాశా. ఈసారి డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్‌లో కొట్టించి ఫారంలో పేస్టు చేస్తే అంతా పిచ్చి గీతలు. యూనికోడ్‌లో మళ్లీ నేనే కొట్టుకున్నా. అప్పుడు ఇంకో తమాషా. ఒక్కో గడికి మూడు వేల క్యారెక్టర్లే. మనకి గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కేస్తుందిరా ఆ ఫారం. "స్త్రీ" అని ఒక్క అక్షరం కొడితే ఆరు! "స్త్రీలు" అంటే ఎనిమిది, "ఆడోళ్లు" అంటే ఏడు. పొదుపు కోసం అప్లికేషనంతా ఆడోళ్లు అని మార్చా. ఆశ్చర్యం, అప్పటికిగానీ అది మా ఊరి సంగతిలా వినపడలేదు.

టైంటేబుల్ కూడా ముందు ఇంట్లో కూర్చునే వేసేశా. జనవరి నుంచి మార్చి దాకా ఇంటర్వ్యూలు అని. చిన్నమ్మమ్మకి చెబితే, "జనవరిలో యాడుంటాం అబ్బయ్యా, పొగాకు పన్లుండవా?" అంది. నిజమే. ఆకు కోత, ఆకు కాల్చే బ్యారన్ల దగ్గర పని, గ్రేడింగు, ఆ తర్వాత కలిగిరి పొగాకు ఫ్లాట్‌ఫారంలో వేలం. ఆ నెలల్లో ఒక్కరూ దొరకరు. వానాకాలానికి మార్చా.

అసలు దెబ్బ బడ్జెట్ దగ్గర తగిలింది. రికార్డరు, బస్సు చార్జీలు, రాసిపెట్టే ఖర్చు (గంట మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఏడు గంటలు పట్టింది, అది నేను ముందసలు లెక్కేసుకోలేదు), నా నెల జీతం నష్టం, అన్నీ వేసి ఆమెకి గొప్పగా చదివి వినిపించా. అంతా విని ఆమె అడిగిందీ మాట: "రాసేదానికి నీకిస్తారు. చెప్పేదానికి మాకేంది?"

నా నోట మాట రాలేదురా. ఆమె పోట్లాటకి అడగలేదు, వక్కాకు నవుల్తా మామూలుగానే అడిగింది. ఉపాధి పనికి పోతే మూడొందల పైచిలుకు వస్తుంది. నా ముందు రెండు పూటలు కూర్చుంటే అది పోయినట్టేగా. ఒక పక్క, డబ్బిస్తే నేను వినాలనుకునేదే చెప్తారేమోనని అనుమానం. ఇంకో పక్క, నా మధ్యాహ్నం భోజనానికి కూడా గడి కట్టుకున్నవాణ్ణి, వాళ్ల కూలి ఎట్లా మర్చిపోయాను? చివరికి "పోయిన పనిదినాలకు కూలి" అని ఒక వరుస పెట్టా, ఒక్కొక్కరికి రెండు రోజులకి. పన్నెండు మంది. దాన్ని సర్దడానికి రికార్డరు చవకది చూసుకున్నా. ఆ సంస్థ వాళ్లు ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకోకపోతే వాదిస్తా.

ఇంకోటి చెప్పాలి. ఒప్పుదల పత్రం ఒకటి జత చెయ్యాలి: మీ మాటలు రికార్డు చెయ్యొచ్చా, ఎవరికైనా వినిపించొచ్చా, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు, అట్లాంటివి. కింద నేను తెలివిగా వేలిముద్రకి ఒక గడి గీశా. చిన్నమ్మమ్మ ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదెవరికి?" అంది. 1991లో పెద్దలకి చదువు చెప్పే అక్షరదీపం వచ్చినప్పుడు రాత్రి బడిలో, లాంతరు ముందు చదువుకుంది ఆమె. "ఆడవాళ్లు ఏకమైతే" అన్న పాఠం ఈనాటికీ నోటికొచ్చు. సారా కొట్టు సంగతి పాఠంలో చదివినాకే, మన ఊళ్లో ఎందుకు చెయ్యకూడదని లేచారట. మరుసటేడు నెల్లూరులో సారా వేలంపాట వేస్తే వాయిదా, వేస్తే వాయిదా. 1993లో జిల్లాలో సారా ఆగింది, ఆ తర్వాత రాష్ట్రమంతా. అట్లాంటి మనిషి ముందు నేను వేలిముద్ర గడి గీసుకొని కూర్చున్నా. పెన్ను లాక్కొని గడిలో పట్టనంత పెద్ద సంతకం పెట్టింది. పేరు చివర సున్నా మర్చిపోయి మళ్లీ పెట్టింది.

ఆ గడి తీసేశా. కావలసినవాళ్లు అడిగితే ప్యాడు నా సంచిలో ఉంటుంది.

మా ఇంట్లో ఇదంతా చూసి, "రాకపోతే ఏం చేస్తావ్?" అంటోంది. ఏముంది, ఫోన్‌లో రికార్డు చేసుకుంటా, ఆదివారాలు పోతా. పన్నెండు మంది కాదు, నలుగురవుతారు. చిన్నమ్మమ్మకి మాత్రం దసరా సెలవుల్లోనే వస్తానని మాటిచ్చేశా, గ్రాంటుతో పని లేకుండా.

ఇప్పుడు నీ పని. శుక్రవారం రాత్రి పన్నెండు లోపల పంపాలి. బడ్జెట్ షీటు నీకు వాట్సాప్‌లో పెట్టా. కూడికలో ఎక్కడో నాలుగొందలు తేడా వస్తోంది, మూడు రోజులుగా వెతుకుతున్నా దొరకడం లేదు. నువ్వు ఆఫీసులో కోట్ల లెక్కలు చూస్తావు కదా, ఈ నాలుగొందలు ఎక్కడ పోయాయో చూసి చెప్పు. కూలి వరుస మాత్రం ముట్టుకోవద్దు.

మలై కాజాలు మీ అమ్మ చేత పంపిస్తా, మంగళవారం హైదరాబాద్ వస్తోందంట కదా.

నీ,
రాజా