తాళం వేసిన ఇళ్లకు ఉచిత నిఘా ఉంది, వాడుకోవాలి

తిరుపతిలో తాళం వేసిన ఇళ్లలో చోరీల వార్త చదివినప్పుడల్లా, పోలీసుశాఖ ఉచితంగా అందిస్తున్న ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే తాళం వేసిన ఇళ్ల పర్యవేక్షణ వ్యవస్థ) నిఘాను మనం ఎందుకు వాడుకోవడం లేదన్న బాధ కలుగుతుంది. ఊరికి వెళ్లేవారు యాప్‌లో నమోదు చేసుకుని కోరితే పోలీసులు ఇంట్లో కెమెరా అమర్చుతారు; లోపల కదలిక కనబడగానే కంట్రోల్ రూముకు సమాచారం చేరుతుంది. గత వేసవిలో మా ఎం.ఆర్.పల్లి వీధిలో దొంగలు పడిన ఇంటి ముందు నాలుగు రోజుల దినపత్రికలు చుట్టినవి చుట్టినట్టే పడి ఉన్నాయి, గడప ముందు ముగ్గు లేదు, గేటుకు బయట తాళం వేలాడుతోంది. ఇంట్లో ఎవరూ లేరని దొంగకు తెలియడానికి ఇంకేం కావాలి? రోజూ ఆ దారిన నడిచిన మేమెవరమూ ఆ పత్రికలు తీసి పక్కన పెట్టలేదు, అది మా తప్పే. ఆ తరువాత నేను అడిగిన ఇరుగుపొరుగులో చాలామందికి ఈ సదుపాయం ఉన్నట్టే తెలియదు; తెలిసిన ఒకరిద్దరు స్టేషన్‌తో మనకెందుకని జంకుతున్నారు. కాబట్టి వేసవి, సంక్రాంతి సెలవులకు ముందే వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, ముఖ్యంగా పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లలో, యాప్ నమోదును దగ్గరుండి చేయించాలి. ఊరెళ్లేవారు పాలు, పత్రిక ఆపించి, నగలు బ్యాంకు లాకరులో పెట్టి, తాళంచెవిని చెప్పుల స్టాండులోనో మీటరు పెట్టెపైనో దాచకుండా నమ్మకమైన పొరుగువారి చేతికివ్వాలి.

- ఒక పాఠకుడు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి