తకరజుకా వేదిక మీది మగవాడు

ఒసాకా,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సాంబూ,

నేనిక్కడ క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ తెనాలిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పోయిన ఉత్తరంలో నువ్వు వేసిన ప్రశ్న రెండు వారాలుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. గుళ్లూ గోపురాలూ చెర్రీ పూలూ అందరూ రాసేవే కదా, ఇక్కడి మామూలు జనం సెలవురోజున సొంత డబ్బు పెట్టుకుని ఏం చూస్తారో, దేన్ని చూసి కళ్లు తుడుచుకుంటారో అది రాయమన్నావు. దానికి జవాబు నిన్న దొరికింది. చిన్నప్పుడు పరిషత్తు నాటకాలకు తెల్లవార్లూ నా పక్కన కూర్చున్నవాడివి నువ్వే కనుక ఇదంతా నీకే చెప్పాలి. ఉత్తరం పొడుగైతే ఓపిక పట్టు.

ఒసాకాలోని ఉమేదా స్టేషనులో హాంక్యూ అనే కంపెనీ వాళ్ల రైలు ఎక్కాను. రక్తచందనం అరగదీసి పూసినట్టుండే ఆ పెట్టెల రంగు ఇక్కడ అందరికీ తెలిసినదే. అరగంట పైచిలుకు ప్రయాణం చేస్తే, కొండల అంచున, నది ఒడ్డున తకరజుకా అనే ఊరు వస్తుంది. స్టేషను నుంచి నాటకశాల దాకా చెర్రీ చెట్ల నీడలో ఒక బాట ఉంది. దాన్ని పూలబాట అంటారు. ఆ బాటలో నడుస్తుండగానే ఒక సంగతి గమనించాను. నా ముందూ వెనకా నడుస్తున్నవాళ్లంతా ఆడవాళ్లే. కాలేజీ అమ్మాయిలు, తల్లీకూతుళ్లు, చేతికర్ర పట్టుకున్న బామ్మలు. రెండున్నర వేలమంది పట్టే ఆ హాలులో నాకు కనిపించిన మగవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

లోపల వేదిక మీద కూడా అంతే. తకరజుకా నాటకాల్లో రాజు, సైనికుడు, జూదగాడు, ప్రేమికుడు, ముసలి తండ్రి, అందరూ ఆడవాళ్లే. అదీ నూటపదేళ్లకు పైగా నడుస్తున్న ఏర్పాటు. యుద్ధం మాత్రం దానికి ఒక విరామం తెచ్చింది. 1944లో ఈ నాటకశాల మూతపడి, 1946లో మళ్లీ తెరుచుకుంది.

ఇది ఎలా మొదలైందో వింటే నీకు భలే నచ్చుతుంది. కొబయాషి ఇచిజో అనే ఆయన 1910లో ఒసాకా నుంచి ఈ ఊరికి రైలుమార్గం వేయించాడు. అప్పటికి ఈ దారిపొడుగునా పొలాలే తప్ప ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేరు. దారి పక్కన ఇళ్లు కట్టించి వాయిదాల మీద అమ్మాడు, చివరి స్టేషనులో వేడినీటి బుగ్గల స్నానశాల పెట్టాడు, దాని పక్కన 1912లో పైకప్పు కింద ఒక ఈతకొలను కట్టించాడు. ఎండ పడని ఆ నీళ్లు చల్లగా ఉండేవి, ఆడా మగా కలిసి ఈదడానికి అప్పటి నిబంధనలు ఒప్పుకునేవి కావు, దాంతో కొలను దండగైంది. కొబయాషి ఆ కొలను మీద పలకలు పరిపించి ప్రేక్షకులను కూర్చోబెట్టాడు. బట్టలు మార్చుకునే గదిని వేదిక చేశాడు. ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్లు నడుపుతున్న బాలుర బ్యాండు బృందం మనసులో మెదిలి, తాను అమ్మాయిలతో ఒక గాయక బృందం పెట్టాడు. 1913లో పదహారు మందితో మొదలైన ఆ బృందం 1914 ఏప్రిల్ 1న తొలి ప్రదర్శన ఇచ్చింది. పండులోంచి పుట్టిన పిల్లవాడి జానపద కథ ఆనాటి నాటకం. స్నానానికి వచ్చినవాళ్లు టికెట్టు లేకుండానే చూసి వెళ్లేవారట. రైలు నిండడానికి పుట్టిన నాటకం అన్నమాట! ఇదే కొబయాషి ఆ తరువాత టోక్యోలో పెట్టిన సంస్థే తోహో. టోక్యోలోని 'తో', తకరజుకా అనే మాట రాసే అక్షరాల్లో మొదటిదానికి ఉన్న మరో ఉచ్చారణ 'హో', రెండూ కలిస్తే ఆ పేరు. గాడ్జిల్లా సినిమా తీసిన సంస్థ పేరులో ఈ వేడినీళ్ల ఊరు దాగి ఉందని నాకు నిన్నటిదాకా తెలియదు.

ఇక నిన్నటి ఆట సంగతి. ఒక్క టికెట్టుకు రెండు ప్రదర్శనలు ఉంటాయి. ముందు గంటన్నర నాటకం, తరువాత అరగంట విరామం, ఆ పైన గంటసేపు పాటలూ నృత్యాలూ. నాటకం ఐరోపాలో జరిగే ప్రేమకథ. మాటలు నాకు నాలుగింట ఒకటి అర్థమయ్యాయి, కాని నా పక్క కుర్చీలోని పెద్దావిడ నన్ను ఒంటరిగా వదిలెయ్యలేదు. డెబ్బై దాటిన మనిషి. ఆమెకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు, నాకు కొద్దిగా జపనీసు వచ్చు, మిగిలింది ఫోను అనువదించి పెట్టింది. పాత్రలెవరో, ఎవరికి ఎవరు ఏమవుతారో తెర లేవకముందే కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

నాయకుడు వేదిక మీదికి వచ్చాడు. ఆ నటి పేరుతో ఆమె అని రాయాలో, పాత్రను బట్టి అతడు అని రాయాలో చాలాసేపు ఆలోచించి, వేదిక మీద ఉన్నంతసేపూ అతడు అనే రాస్తున్నాను, ఎందుకంటే నా కళ్లు అలాగే చూశాయి. మొదటి ఐదు నిమిషాలూ నాలోని లెక్కలమనిషి పొరపాట్లు వెతికాడు. గొంతు ఎక్కడ పలచబడుతుంది, నడకలో ఎక్కడ తడబాటు వస్తుంది అని చూశాను. ఆ తరువాత వెతకడం మరిచిపోయాను.

ఒక ఘట్టం నీకు పూసగుచ్చినట్టు చెప్పాలి. అతడు ప్రేయసిని విడిచి యుద్ధానికి వెళ్లాలి. ఆమె వెనక్కి తిరిగి నిలబడి ఉంది, సంగీతం ఆగిపోయింది. అతడు తెల్లని చేతితొడుగు తీసి వేసుకోవడం మొదలుపెట్టాడు. చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు, ఒక్కొక్కటే, ఏ తొందరా లేకుండా. బొటనవేలి దగ్గరకు వచ్చి ఆగాడు. అంత పెద్ద హాలులో ఒక్క దగ్గు వినిపించలేదు. తరువాత ఆ వేలు కూడా లోపలికి తోసి, రెండు వేళ్లతో టోపీ అంచు కిందికి లాగి వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు. పెద్దావిడ తన దుర్భిణి నా చేతిలో పెట్టి ముఖం చూడమని సైగ చేసింది. చెంప పక్కన దిద్దిన మీసకట్టు లాంటి వెంట్రుకల గీత, దవడ కింద నీడ కోసం పూసిన రంగు, అన్నీ కనిపించాయి. అంత దగ్గరగా చూసినా ఆ మగవాడు చెరిగిపోలేదు, సాంబూ.

ఇలా మగ పాత్రలు వేసేవారిని ఒతోకొయాకు అంటారు, ఆడ పాత్రలు వేసేవారిని ముసుమెయాకు అంటారు. పొడుగును, గొంతును బట్టి చదువుకునే రోజుల్లోనే ఎవరు ఏమిటో తేలిపోతుంది. ఆపైన ఒతోకొయాకు జుట్టు కత్తిరించుకుంటుంది, గొంతు దించడం సాధన చేస్తుంది, నడుము సన్నదనం తెలియకుండా గుడ్డలు చుట్టి భుజాలకు మెత్తలు పెట్టుకుంటుంది. కుర్చీలో ఎలా కూర్చోవాలి, కోటు వెనక్కి ఎలా విసరాలి, ఎదుటి మనిషి భుజం మీద చెయ్యి ఎంత బరువుగా వేయాలి అనేవి పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటుంది. ఒతోకొయాకు తయారవడానికి పదేళ్లు పడుతుందని ఇక్కడ అందరూ అనే మాట. ఆ పదేళ్ల చివర తయారయ్యే మగవాడు వీధిలో కనిపించే మగవాడికి నకలు కాదు. ఆడవాళ్లు తమకు కావలసినవాణ్ణి తామే ఊహించుకుని, తమ ఒళ్లనే మలుచుకుని నిలబెట్టిన మనిషి. అతడు ఎదుటి మాట చివరిదాకా వింటాడు, మాట ఇస్తే నిలబెట్టుకుంటాడు, ఏడవాల్సి వస్తే ఏడుస్తాడు. మగవాళ్లను చేర్చుకుందామని యుద్ధం ముగిసిన 1945లో ఒక ప్రయత్నం జరిగింది. తొమ్మిదేళ్లు వాళ్లు సాధన చేశారు, ఈ పెద్ద వేదిక మాత్రం వాళ్లకు దక్కలేదు. ఆ విభాగం 1954లో ముగిసిపోయింది. నిన్నటి ఆట చూశాక, ప్రేక్షకులకు అక్కడ అసలు మగవాడితో పని లేదని నాకు తేటతెల్లమైంది.

ఇదంతా చూస్తున్నంతసేపూ నాకు గుర్తుకు వచ్చింది మీ తాతగారు. వేసవి రాత్రుళ్లు అరుగు మీద పడుకోబెట్టి, మీ ఊరి శ్రీరామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా రావడం ఎలా ఉండేదో చెప్పేవారు కదా! ఆయన చీరకట్టు చూసి ఇంటికి వెళ్లి అలా కట్టుకోవాలని ఆడవాళ్లు తాపత్రయపడేవారని, ఆ జడ తిప్పడంలోనే సగం కోపమూ సగం వలపూ పలికేవని చెప్పేవారు. కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే భామ వేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను చూసినవాళ్లు మన బంధువుల్లోనే ఇప్పటికీ ఉన్నారు. ఈ దేశంలోనూ ఆ సంప్రదాయం ఉంది. కబుకీ అనే ఇక్కడి పాత నాటక కళను 1603 ప్రాంతంలో క్యోటోలో మొదలుపెట్టింది ఒకుని అనే ఒక స్త్రీ. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లను వేదిక ఎక్కనివ్వకుండా నిషేధించింది, అప్పటి నుంచి కబుకీలో ఆడ వేషాలు మగవాళ్లవే. అలాంటి దేశంలో, తిరగేసిన చీరలాగా, ఒక రైలు కంపెనీ పుణ్యమా అని మగ వేషాలన్నీ ఆడవాళ్లవైపోయాయి. మీ తాతగారు ఉండి ఉంటే ఆయన్ను ఇక్కడికి తీసుకువచ్చి ఆ చేతితొడుగు ఘట్టం చూపించేవాణ్ణి. స్థానం వారి జడకూ ఈ తొడుగుకూ ఉన్న చుట్టరికం ఆయన ఇట్టే పట్టేసేవారు.

ఈ వేదిక ఎక్కడం తేలిక కాదు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిలు ఏటా వందల సంఖ్యలో పరీక్షకు వస్తారు, నలభై మందికి చోటు దొరుకుతుంది. రెండేళ్లు సంగీతం, నృత్యం, నటన చదివి బయటికి వస్తారు. బృందంలో చేరాక కూడా వాళ్లను విద్యార్థినులనే పిలుస్తారు, ఇరవై ఏళ్ల అనుభవం వచ్చినా అదే పిలుపు. పెళ్లి చేసుకుంటే బృందం వదలాలి. వదలడాన్ని ఉద్యోగం మానడం అనరు, పట్టభద్రురాలు కావడం అంటారు. ఆ రోజున నల్లని కిమోనో మీద హకామా అనే ఆకుపచ్చని మడతల పావడా కట్టుకుని చివరిసారి మెట్లు దిగుతారు. పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, అంతరిక్షం అనే పేర్లతో ఐదు బృందాలు ఉన్నాయి. నీకు నచ్చిన విషయమే రాసి నచ్చనిది దాచడం నాకు ఇష్టం లేదు కనుక ఇది కూడా చెబుతున్నాను: 2023లో అంతరిక్ష బృందంలోని ఒక యువనటి మరణించింది. మోయలేనంత పనీ, పెద్దవాళ్ల వేధింపులూ బయటికి వచ్చాయి, మరుసటి ఏడు సంస్థ తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పెద్దావిడ ఆ మాట ఎత్తినప్పుడు దుర్భిణి ఒళ్లో పెట్టుకుని కాసేపు మౌనంగా ఉండిపోయింది. ఆ అమ్మాయిలు ఎంత ఇస్తున్నారో తెలిసినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

విరామంలో అందరూ డబ్బాలు విప్పి భోజనం చేశారు. ఆమె తన డబ్బాలోని గుడ్డు అట్టు ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. ఏ భాష అని అడిగింది. తెలుగు అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది, "భీమ్!" అంది. నాకు క్షణంపాటు ఏమీ అర్థం కాలేదు. ఫోనులో దాచుకున్న ఒక టికెట్టు ఫోటో చూపించింది. మన ఆర్.ఆర్.ఆర్. సినిమా ఇక్కడ 2022 అక్టోబరులో విడుదలై ఏడాదికి పైగా ఆడిన సంగతి నీకు తెలుసు. ఆ కథను 2024 జనవరిలో ఇదే వేదిక మీద నక్షత్ర బృందం నాటకంగా ఆడిందట! భీముడి వైపు నుంచి కథ నడిపారు, అప్పటి ఆ బృందపు అగ్రనటి రెయ్ మకోతో భీముడు. మన ఆదిలాబాదు అడవుల గోండు వీరుడి పేరు పెట్టుకున్న పాత్రను, ఈ పూలబాట చివర, ఒక జపాను స్త్రీ పోషించిందంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సినిమా కథ కల్పన అనీ, అసలు కొమురం భీము నిజాం ప్రభుత్వం మీద గోండుల నేల కోసం పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలు విడిచాడనీ ఫోను సాయంతో చెప్పాను. ఆమె ఆ ఊరి పేరు రెండుసార్లు నా చేత పలికించుకుని తన చిన్న పుస్తకంలో రాసుకుంది.

చివరి ఘట్టం గురించి రాయకపోతే ఈ ఉత్తరం ముగియదు. వేదిక నిండుగా ఇరవై ఆరు మెట్లు బయటికి వస్తాయి. మెట్టు వెడల్పు ఇరవై మూడు సెంటీమీటర్లు, అంటే వాళ్ల చెప్పు కూడా పూర్తిగా ఆనదు. కిందికి చూడకుండా, పాడుతూ, నవ్వుతూ ఆ మెట్లు దిగాలి. అందరికన్నా చివర అగ్రనటి వచ్చింది, వీపున నెమలి పురి లాంటి తెల్లని ఈకల గుత్తి. అలాంటివి పది కిలోలకు పైబడి తూగుతాయట. అంత బరువుతో ముందుకు వంగి నమస్కారం చేసి, తొణక్కుండా మళ్లీ లేచింది. హాలంతా ఒకే తాళంలో చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, నా అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

వచ్చే నెల మళ్లీ వెళుతున్నాను, ఈసారి చంద్ర బృందం ఆట. ఈలోగా నాకొక పని చేసిపెట్టు. స్థానం వారు జడ తిప్పేటప్పుడు ముందు ఏ భుజం కదిపేవారో, చూపు జడ మీద ఉండేదో కృష్ణుడి మీద ఉండేదో మీ నాన్నగారిని అడిగి రాయి. తాతగారు ఆయనకు చేసి చూపించేవారు కదా, తప్పకుండా గుర్తుండే ఉంటుంది. ఆ పెద్దావిడకు చెబుతానని మాట ఇచ్చాను.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ సత్యం