ఫీజు ఒక్కటే రాస్తే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

మద్యం, మత్తుమందుల వార్త ఏది వచ్చినా చివర ‘కౌన్సెలింగ్ తీసుకోవాలి’ అన్న వాక్యం ఒకటి కనిపిస్తుంది. ఎక్కడ, ఎంతకు, ఎవరి దగ్గర అన్నది మాత్రం ఉండదు. తక్కువ ఖర్చుతో సాయం దొరికే చోట్లు లేకపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు, స్వచ్ఛంద సంస్థల కేంద్రాలు, విద్యార్థులకు శిక్షణ ఇచ్చే యూనివర్సిటీ క్లినిక్కులు ఉన్నాయి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటి బృందాలకైతే ఫీజే లేదు. చిక్కల్లా ఎవరు ఏ గడప తొక్కాలో తెలియకపోవడమే.

ఫోన్ చేసినవారికి కొన్ని కేంద్రాలు ‘ముందు మానేసి రండి, తర్వాత మాట్లాడదాం’ అంటాయి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగుతున్న మనిషికి ఇది ప్రమాదకరమైన సలహా. ఉన్నట్టుండి ఆపేస్తే సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించే డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది; వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. పొద్దున లేవగానే చేయి వణుకుతున్నా, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉన్నా ముందు చూడాల్సింది డాక్టరు. కౌన్సెలరు వంతు తర్వాతే. చాలాకాలంగా నిద్రమాత్రలు వాడుతున్నవాళ్లూ అంతే, ఒక్కసారిగా ఆపకూడదు.

హెరాయిన్ లాంటి వాటి సంగతి వేరు. మానేటప్పటి బాధకన్నా మానిన తర్వాతి వారాలే ఎక్కువ ప్రమాదం. శరీరానికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే పది రోజులు ఉంచుకుని ‘శుభ్రం చేసి’ పంపేయడం చికిత్స అనిపించుకోదు. ఈ వ్యసనానికి మందులుగా ఇచ్చే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అవి ఇచ్చే ఏర్పాటు, లేదా ఇచ్చే చోటికి పంపే ఏర్పాటు ఉందా అన్నది మొదటి ఫోన్‌లోనే అడగాలి.

తాగుడుతో పాటు డిప్రెషన్ కూడా ఉన్నవారి పాట్లు ఇంకోరకం. మానసిక విభాగంవాళ్లు ‘తాగుడు మాన్పించుకుని రండి’ అంటారు, డీఅడిక్షన్ వాళ్లు ‘ముందు డిప్రెషన్‌కు చూపించుకోండి’ అంటారు. ఈ రెండు కౌంటర్ల మధ్య తిరిగి తిరిగి మనిషి ఇంటికి పోతాడు. తాగుడు వల్లే వచ్చిన దిగులు చాలామందిలో మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దానికి విడిగా చికిత్స కావాలి. ఆ తేడా తెలియాలంటే రెండింటినీ ఒకే బృందం చూస్తుండాలి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి విషయంలో అయితే రెండు నుంచి నాలుగు వారాలు ఆగి చూద్దామనడం కుదరదు, ఆ రోజే చూడాలి.

ఇక ఫీజు. ఆదాయాన్ని బట్టి తగ్గిస్తామని చెప్పే చోట్ల ఆ తగ్గింపు చాలావరకు కౌన్సెలింగ్ సెషన్‌కే. మొదటి పరిశీలన, సైకియాట్రిస్టు ఫీజు, రక్తపరీక్షలు, మందులు విడిగా ఉండొచ్చు. ‘మొదటి నెలకు అన్నీ కలిపి ఎంతవుతుంది’ అని అడిగితేనే అసలు లెక్క తేలుతుంది. గ్రూప్ సెషన్లు విడి సెషన్ల కన్నా చౌక. శిక్షణ క్లినిక్కులు ఇంకా చౌక. కాకపోతే విద్యా సంవత్సరం ముగిశాక కౌన్సెలరు మారిపోతారు, అప్పుడు కేసు ఎవరికి అప్పజెబుతారో ముందే తెలుసుకోవాలి.

డిగ్రీలు లేనివారు చేసే కౌన్సెలింగ్‌ను తీసిపారేయనక్కర్లేదు. గోవాలో జరిగి 2017లో వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయిన పరిశోధనలో, శిక్షణ పొందిన మామూలు మనుషులే గరిష్ఠంగా నాలుగు సెషన్లలో, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మాట్లాడి, హానికరంగా తాగే మగవారిలో మంచి ఫలితం సాధించారు. అయితే అది తాగుడుకు పూర్తిగా బానిసలైనవారి మీద చేసింది కాదు. తాగుడు ఎంత ముదిరిందో తేల్చేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) అనే పరీక్షలో పది ప్రశ్నలే. మొత్తం 40 మార్కుల్లో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తపడాలి, 20 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరును కలవాలి. ఇది కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి పది నిమిషాల్లో జరగాల్సిన పని.

నన్ను బాగా చిరాకుపెట్టే నిబంధన ఒకటుంది. రెండుసార్లు రాకపోయినా, మళ్లీ తాగి వచ్చినా పేరు కొట్టేస్తారు. షుగరు పెరిగిందని మధుమేహ రోగిని వెళ్లగొడతామా? మళ్లీ మొదలుపెట్టడం ఈ జబ్బు లక్షణం. రాని మనిషికి మర్నాడే ఒక ఫోన్ చేయడం కేంద్రానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కాబట్టి నిధులు ఇచ్చే అధికారులకు ఒక విన్నపం. ప్రతి కేంద్రం గేటు దగ్గర ఈ వివరాలు రాయించండి: మొదటి నెల మొత్తం ఖర్చు, మొదటి సెషన్‌కు ఎన్ని రోజులు ఆగాలి, మానేటప్పుడు వైద్యం ఇక్కడా ఇంకోచోటా, మానసిక సమస్యనూ చూస్తారా, రోగి రాకపోతే ఏం చేస్తారు. మీ పత్రికకు కూడా ఒక మాట. ‘తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం’ అనే ప్రకటనలు ఏ పత్రికా వేయకూడదు. అలా అమ్మే పొడిలో ఏముందో ఎవరూ చెప్పరు. అందులో మద్యంతో కలిస్తే వికటించే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, ఆ సంగతి తెలియక తాగిన మనిషికి వాంతులు, గుండెదడ మొదలై బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

— వ్యసన చికిత్స రంగంలో పనిచేసే ఒక పాఠకురాలు