విదూర్ల్‌ను ఎండిన వాగు అనవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో దక్షిణ ఫ్రాన్స్ యాత్ర గురించి వచ్చిన వ్యాసంలో విదూర్ల్ నదిని వేసవిలో ఎండిపోయే చిన్న వాగుగా ఒక్క మాటలో తేల్చేసి, ఎండలు తగ్గే సెప్టెంబరులో దాని ఒడ్డున నిశ్చింతగా గడపవచ్చని రాశారు. వ్యాసంలో తక్కినదంతా ఇష్టంగా చదివాను గానీ, ఆ సెప్టెంబరు సలహా చూసి ఊరుకోలేకపోయాను. ఆ నదికి ఏడాదిలో అన్నిటికన్నా భయపడవలసిన కాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

విదూర్ల్ నిజంగానే చిన్న నది. సెవేన్ కొండల దక్షిణపు అంచున సుమారు 500 మీటర్ల ఎత్తులో పుట్టి, సెంట్ ఇపోలిత్ ద్యూ ఫోర్, సోవ్, కిసాక్, సొమ్మియేర్ ఊళ్ళ మీదుగా దిగి, మార్సియార్గ్ దగ్గర కరకట్టల నడుమ మైదానంలో సాగి మధ్యధరా సముద్రాన్ని చేరేసరికి మొత్తం నడక 85 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎండిపోతుందన్న మాట మాత్రం సగమే నిజం. సెంట్ ఇపోలిత్‌కూ సోవ్‌కూ మధ్య నేల సున్నపురాయి కావడంతో, వేసవిలో ఉన్న కాస్త నీరూ రాతి పగుళ్ళలోకి ఇంకి భూగర్భం గుండా ప్రవహిస్తుంది. ఒక ఆగస్టులో నేను అక్కడ తెల్లటి గులకరాళ్ళ మీదుగా, చెప్పులైనా తడవకుండా, నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటాను. ఆ మధ్యాహ్నమే సోవ్ చేరితే, ఊరి నడిబొడ్డున బండల అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తూ కనిపించింది. పొద్దున ఎండిందనుకున్న నది అదే.

ఇక సెప్టెంబరు సంగతి. వేసవి పొడవునా కాగిన మధ్యధరా సముద్రం ఆ రోజులకు బాగా వెచ్చగా ఉంటుంది. దక్షిణం నుంచి వీచే గాలులు అక్కడి తేమను మోసుకొచ్చి సెవేన్ కొండలకు కొట్టినప్పుడు మేఘాలు కదలకుండా ఒకేచోట గంటల తరబడి కుమ్మరిస్తాయి. 2002 సెప్టెంబరు 8, 9 తేదీల్లో పొరుగు లోయలోని ఆందూజ్‌లో 24 గంటల్లో 680 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వరదలో సొమ్మియేర్ వద్ద విదూర్ల్ ప్రవాహం సెకనుకు సుమారు 2,500 ఘనపు మీటర్లకు చేరిందని అంచనా వేశారు. ఆ రెండు రోజుల్లో గార్ జిల్లాలో 20 మందికి పైగా చనిపోయారు. ఈ నదికి వచ్చే వరదను అక్కడివారు ‘విదూర్లాద్’ అంటారు. నది పేరు మీదే వరదకు ఒక మాట పుట్టిందంటే, అది వాళ్ళ బతుకుల్లో ఎంతగా కలిసిపోయిందో గ్రహించవచ్చు.

సొమ్మియేర్‌ను చూసినవారికి ఇదంతా విడమరచి చెప్పనక్కరలేదు. ఒకటో శతాబ్దంలో, తిబేరియస్ చక్రవర్తి కాలంలో, రోమన్లు అక్కడ 17 కమానుల వంతెన కట్టారు. తర్వాతి కాలంలో ఊరు నదివైపు జరుగుతూ జరుగుతూ ఆ కమానుల్లో చాలావాటి మీదా పక్కనా ఇళ్ళు కట్టుకుంది. నేడు నీటిపైన కనిపించేవి కొన్నే. ఊళ్ళోని దిగువ సంత జరిగే చోటు వంతెన మట్టానికి బాగా కిందుగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ఇళ్ళు రాతి కమానుల మీద నిలబడి ఉంటాయి. కింది అంతస్తును వరదకు వదిలేసి పైన కాపురముండే పద్ధతి అది. గోడల మీద పాత వరదలు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తులు పెట్టారు. వాటిలో కొన్నిటిని చూడాలంటే నేను తల పూర్తిగా పైకెత్తవలసి వచ్చింది. ఇంకాస్త దిగువన, ఆంబ్రుస్సుమ్ వద్ద ఉన్న మరో రోమన్ వంతెనకు నదిలో ఒకే ఒక్క కమాను మిగిలింది. దాని పక్కనున్న కమానును 1933 వరద తీసుకుపోయింది.

1958 వరద తర్వాత ఎగువన మూడు ఆనకట్టలు కట్టారు. అవి నీటిని నిల్వ చేసుకునేవి కావు, మామూలు రోజుల్లో ఖాళీగా ఉండి వరద ఉధృతిని కొంత అదుపు చేసేవి మాత్రమే. అవి ఉండగానే 2002 వచ్చింది.

ఇటువంటి నదిని ఏడాది సగటు ప్రవాహంతో కొలవడం కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఆగస్టులో ఎంత, అక్టోబరులో ఎంత అని వేరువేరుగా చెబితేనే పాఠకుడికి దాని స్వభావం తెలుస్తుంది. సెప్టెంబరులో అసలు వెళ్ళవద్దని నేననను. వెళ్ళేవారు అక్కడి వాతావరణ శాఖ మెతేఓ ఫ్రాన్స్ రంగులతో ఇచ్చే హెచ్చరికను ప్రతి ఉదయం చూసుకోవాలనీ, నారింజ గానీ ఎరుపు గానీ కనిపిస్తే నదిగర్భంలోకి దిగరాదనీ, ఒడ్డున కారు నిలపరాదనీ మీరు రాయాలి. చాలామంది ప్రయాణాలకు టిక్కెట్లు కొనుక్కుంటున్న రోజులివి కనుక, ఈ సవరణను వచ్చే ఆదివారమే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు