మిల్లుకు వచ్చేశాను

2024 అక్టోబరు 20

ఒరేయ్,

ఫోనులో చెబితే సగమే చెబుతానని ఉత్తరం రాస్తున్నాను. ఫోను ఎత్తితే నీ షిఫ్టు, నా షిఫ్టు, పిల్లల చదువులు, ఇంతలో ఎవరో పిలుస్తారు. ఇది కుదురుగా కూర్చుని చెప్పుకోవలసిన సంగతి.

చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఉద్యోగం వదిలేశాను. పోయిన నెలాఖరుతో అక్కడి లెక్క తేలిపోయింది. నీ చెల్లెమ్మ బడిలో పాఠాలు చెబుతోంది కదా, ఈ విద్యా సంవత్సరం అయ్యేదాకా తనూ పాపా అక్కడే ఉంటారు. నేను మాత్రం మన ఊళ్లో ఉన్నాను. మన బియ్యం మిల్లు ఆఫీసు గదిలో, తాతయ్య చిట్టా ఆవర్జాల లెక్కలు రాసుకున్న బల్ల మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగం పోయిందేమోనని కంగారు పడకు. పోలేదు, జీతం కూడా ఈ ఏడాదే పెరిగింది. కారణం చెప్పాలంటే పోయిన డిసెంబరుకు వెళ్లాలి. అందులో నీకు తెలియని విషయం ఒకటి ఉంది. అది బాబాయి గురించి.

డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. నువ్వు మస్కట్ నుంచి ఫోను చేస్తే బాబాయి "కొంచెం తడిసిందిలే, ఫర్వాలేదు" అన్నాడని నాతో చెప్పావు గుర్తుందా? అది నిజం కాదురా. ఆయన మీద కోపం తెచ్చుకోకు, నువ్వు అంత దూరంలో నిద్ర మానుకుని కూర్చుంటావని చెప్పలేదు. నేను సెలవు పెట్టి 7వ తేదీ ఉదయానికి ఊరు చేరాను. మీ నాలుగెకరాల్లో సగం చేను నీళ్లలో పడుకుని ఉంది. మిగతా సగం వానకు రెండు రోజుల ముందే మిషన్‌తో కోయించి, రోడ్డు పక్కన రాశి పోసి పట్టాలు కప్పాడు. నేను వెళ్లేసరికి పట్టా తీస్తున్నాడు. పైనంతా బాగానే ఉంది. బాబాయి మోచేతిదాకా రాశిలోకి చెయ్యి పోనిచ్చి, "చూడు" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి పెట్టాడు. లోపల వేడిగా ఉంది. జ్వరం వచ్చిన పిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేసినట్టు ఉంది. పిడికెడు బయటికి తీస్తే పులిసిన గంజి వాసన, గింజ గింజకూ తెల్లటి మొలక.

ట్రాక్టరు మీద వేసుకుని మన మిల్లుకే తెచ్చాడు. వేరే మిల్లుకు ఎందుకు పోతాడు, మీ తాతయ్య నాటి నుంచి మీ ధాన్యం ఇక్కడే కదా. గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. కళ్లమంతా చీలమండల లోతు నీళ్లు. షెడ్డులో అప్పటికే తడి బస్తాలు మనిషి ఎత్తున ఉన్నాయి. నాన్న ఒకే మాట అన్నాడు, "ఎక్కడ ఆరబోయను?" అని. బాబాయి రెండోసారి అడగలేదు. ట్రాక్టరు వెనక్కి తిప్పించుకుని వెళ్లిపోయాడు. ఎండ మొహం చూపించాక నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబెట్టి ఎవరికో అమ్మాడు. ఎంతకు అమ్మాడో నువ్వే అడుగు. ఏడాది కావస్తోంది కాబట్టి ఇప్పుడు చెబుతాడనుకుంటాను.

ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. వరండాలో కూర్చుని తనలో తను మాట్లాడుకున్నట్టు ఒక సంగతి చెప్పాడు. మన చిన్నప్పుడు కోత కోస్తే పనలు ఆరేవి, తర్వాత కుప్ప వేసేవాళ్లు, కుప్పలో వారాల తరబడి ధాన్యం మాగేది, ఆ తర్వాతే నూర్పిడి. మిల్లుకు వచ్చేసరికి గింజ ఎండి గలగలలాడేది. ఇప్పుడు మిషన్ గంటలో ఎకరం కోసి, అక్కడే నూర్చి, పచ్చి గింజను ట్రక్కులో పోస్తోంది. అది ఇరవై, ఇరవై రెండు శాతం తేమతో సాయంత్రానికే మిల్లు గుమ్మం ముందు ఉంటోంది. "ఇది కుప్ప నూర్చిన ధాన్యానికి కట్టిన మిల్లురా. చేలో పద్ధతి మారి ఎన్నేళ్లయిందో, నేను మాత్రం ఇప్పటికీ ఎండనే నమ్ముకుని కూర్చున్నాను" అన్నాడు.

నాకు ఆ మాట పోలేదు. చెన్నై వెళ్లిపోయాను కానీ పోలేదు.

పదకొండేళ్లు నేను చేసిన పనేమిటి? కార్ల విడిభాగాల్లో వెంట్రుక వాసి తేడా పట్టుకోవడం. ఎక్కడ తేడా వచ్చిందో వెనక్కి వెనక్కి వెళ్లి మూలం వెతకడం. అదే పని మన మిల్లులో ఎవరూ చేయడం లేదని అప్పుడే తట్టింది. సంక్రాంతికి వస్తూ తేమ కొలిచే మీటరు ఒకటి కొనుక్కొచ్చాను.

నాన్న గింజ కొరికి చూస్తాడని నీకు తెలుసు కదా. ముందు పళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కుతాడు. ఎండిన గింజ టక్కున విరుగుతుంది, పచ్చిది మెత్తగా నలుగుతుంది. పండగ మూడు రోజులూ వచ్చిన ప్రతి బస్తాలోంచి గుప్పెడు తీసి, ముందు నాన్న అంకె చెప్పడం, తర్వాత నేను మీటరులో పెట్టడం. నలభై నమూనాలు చూశాం. పదమూడు నుంచి పదిహేడు దాకా నాన్న పన్నుకు, మీటరుకు తేడా ఒక శాతం కూడా లేదు. నాకు ఒళ్లు జలదరించింది. యాభై ఏళ్ల అనుభవం అంటే అదిరా. కానీ పద్దెనిమిది దాటాక అన్నీ ఆయనకు ఒకటే పచ్చి. పంతొమ్మిదికీ ఇరవై మూడుకూ తేడా చెప్పలేకపోయాడు. నాలుగైదు సార్లు చూసి, మీటరు నా చేతిలోంచి తీసుకుని, "ఇక్కడ నా పన్ను చాలదు, ఇది కావాల్సిందే" అన్నాడు. కుప్ప ధాన్యం రోజుల్లో పద్దెనిమిది దాటిన గింజ మిల్లుకు వచ్చేదే కాదు కదా, ఆయన పన్నుకు ఆ లెక్క ఎవరు నేర్పుతారు?

ఇంకొకటి కూడా చేసి చూశాం. మాకు నూక ఎక్కువ వస్తోందని, పొట్టు తీసే షెల్లర్ మిషన్ రబ్బరు రోలర్లు అరిగిపోయాయని నాన్న ఏటా అనుకునేవాడు, మార్చేవాడు. నూకకు బియ్యం ధర పలకదు. క్వింటాలు ధాన్యానికి ప్రభుత్వం 67 కిలోల పచ్చిబియ్యం (ధాన్యం ఉడికించకుండా ఆడించినవి) లెక్క కడుతుంది. అందులో ఎంత నిండు గింజ, ఎంత నూక అన్నదాని మీదే మిల్లు బతుకు. అందుకని ఒకే రైతు ధాన్యాన్ని రెండు వాటాలు చేశాను. ఒకటి నీడపట్టున సమంగా ఆరింది. రెండోది పగలు ఎండలో ఎండి, రాత్రి పట్టా కప్పకుండా మంచులో ఉండిపోయింది. ఒక్కొక్క దానిలోంచి వంద గింజలు గోటితో పొట్టు ఒలిచి, అమ్మ దగ్గరి అద్దం పలక మీద పరిచి, కింద టార్చిలైటు పెట్టాను. మంచులో ఉన్న గింజల్లో అడ్డంగా సన్నటి గీతలు కనిపించాయి, గాజు గ్లాసు పగలబోయే ముందు వచ్చే గీతల్లాంటివి. వందకు ముప్ఫై ఒకటి. నీడలో ఆరినవాటిలో తొమ్మిది. ఆ గింజ ఏ మిషన్‌లో వేసినా విరుగుతుంది, రోలరు చేసిన పాపం ఏమీ లేదు. బాగా ఎండిన గింజ మళ్లీ తేమ తాగితేనే చీలిపోతోంది. మిల్లులోపల విరుగుతోందని ఇన్నేళ్లు అనుకున్నది కళ్లంలోనే విరుగుతోందిరా! నాన్న ఆ అద్దం ముందు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు వంగి కూర్చున్నాడు.

ఆ రోజే నేను మనసులో నిర్ణయం చేసుకున్నాను. నాన్నకు చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

చెప్పాక పోట్లాట కూడా అయింది. నాకు గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ మీద మోజు. తెనాలిలో ఏ దుకాణానికి వెళ్లినా మొదటి ప్రశ్న "సార్టెక్స్ బియ్యమేనా?" అనే. గింజలు సన్నటి ధారగా జారుతుంటే కెమెరా ఒక్కొక్కదాన్నీ చూసి, రంగు మారినదాన్ని గాలి దెబ్బతో పక్కకు నెట్టేస్తుంది. చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. నాన్న అంతా విని, "రంగు మారిన గింజను ఏరడానికి ముందు డబ్బు పెడతావా, రంగు మారకుండా ఆపడానికి పెడతావా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ముందు ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు అని తేల్చుకున్నాం. సార్టెక్స్ సంగతి రెండేళ్ల తర్వాత.

డ్రయ్యరు, ఊక పొయ్యి, షెడ్డు, పునాది అన్నీ కలిపి ముప్ఫై రెండు లక్షలు. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద బ్యాంకు అప్పు తీసుకున్నాం, అందులో ఏడేళ్లదాకా వడ్డీలో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఇంధనం కొనక్కర్లేదు, ధాన్యంలో అయిదో వంతు ఊకే కదా, మన ఊకే మన ధాన్యాన్ని ఆరబెడుతుంది. గంటకు ఒక శాతం లోపే తేమ తగ్గించాలి. తొందరపడి వేడి పెంచితే మళ్లీ అవే గీతలు. వాన పడినా, మంచు కురిసినా ఆగకుండా రాత్రంతా ఆడుతుంది.

రైతులతో మాట్లాడటమే పెద్ద పని అనుకున్నాను, నిజంగానే పెద్ద పని. 22 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తా 14 శాతానికి ఆరితే 68 కిలోలకు దిగుతుంది. ఏడు కిలోలు గాలిలో కలిసిన నీళ్లే. కానీ రైతు కంటికి కనిపించేది ఏడు కిలోల తరుగు. మిల్లువాడు కొట్టేశాడని ఎందుకు అనుకోడు? అందుకని గేటు పక్కన గోడ మీద పెద్ద పట్టిక రాయించాను, ఎంత తేమ ఉంటే బస్తా ఎంతకు దిగుతుందో. మీటరు రైతు చేతికే ఇస్తాం, గింజలు ఆయనే పోసుకుని ఆయనే అంకె చదువుకోవాలి. తాతయ్య కాలం నుంచి మన కాటాకు ఉన్న పేరు ఈ ఒక్క సీజనులో పోగొట్టుకోలేను.

నాకు బాధగా ఉన్నది ఒకటుంది. కళ్లంలో ధాన్యం కాళ్లతో తిరగదోసే ఆడవాళ్లు అయిదుగురు ఉన్నారు. డ్రయ్యరు వస్తే వాళ్ల పని సగానికి పడిపోతుంది. ముగ్గురికి సంచుల దగ్గర పని ఏర్పాటు చేశాను. మిగతా ఇద్దరికీ ఇంకా దారి చూపలేకపోయాను. వాళ్లలో ఒకామె నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆమె ఎదురైనప్పుడల్లా "డ్రయ్యరు ఎప్పుడొస్తుంది బాబూ?" అని అడుగుతుంది. ఏ ఉద్దేశంతో అడుగుతోందో నాకు తెలుసు.

సంచులంటే, ఇకనుంచి కొంత బియ్యం మన పేరుతోనే అమ్ముదామని. బీపీటీ 5204 మన బాపట్లలో పుట్టిన విత్తనం, 1986లో విడుదలైంది. దేశమంతా సాంబా మసూరి అని తింటున్నారు. అది పుట్టిన గడ్డ మీద పండినదాన్ని మనం ఊరూపేరూ లేని గోతాల్లో పోసి పంపిస్తున్నాం. ఏడాది మాగిన పాత బియ్యం, తక్కువ పాలిష్, ఏ ఊళ్లో ఏ నెలలో కోసిందో సంచి మీద రాసి, అయిదు, పది కిలోల చొప్పున అమ్మాలని నా కోరిక. ముద్ర వేసిన సంచి 25 కిలోల దాకా ఉంటే 2022 జూలై నుంచి అయిదు శాతం జీఎస్టీ పడుతోంది, బజారులో 26 కిలోల సంచులు అందుకే పుట్టుకొచ్చాయి. నేను ఆ దారి వద్దనుకున్నాను. ఇద్దరు మనుషులుండే ఇంటికి 26 కిలోలు ఎందుకు, పురుగు పట్టడానికా?

నీ చెల్లెమ్మ అన్నింటికంటే గట్టి ప్రశ్న వేసింది. "మామయ్య ప్రతిదానికీ వద్దంటే అప్పుడు కూడా అక్కడే ఉంటావా?" అని. ఆ ప్రశ్న నాన్న ముందే పెట్టాను. ఆయన లోపలికి వెళ్లి 1984 నాటి ఆవర్జా పుస్తకం తెచ్చాడు. అప్పటిదాకా మనది తాతయ్య పెట్టిన హల్లరు మిషన్. ఊక, తవుడు, చిట్టు, నూక అన్నీ కలిసిపోయి దిగేవి. నాన్న రబ్బరు షెల్లర్ తెస్తానంటే తాతయ్య ఆరు నెలలు మాట్లాడలేదట. ఆ పుస్తకంలో షెల్లర్ కొన్న రోజు పద్దు కింద తాతయ్య చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "వీడి మాట విన్నాను. తవుడు విడిగా దిగింది." అంతే. నాన్న ఆ పేజీ చూపించి ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు.

పునాది పోయడం నిన్నటితో అయింది. నవంబరు 15 కల్లా బిగించి ఇస్తామన్నారు. ఈసారి మీ చేను నెలాఖరుకు కోతకు వస్తుంది. నిన్న సాయంత్రం బాబాయి వచ్చి, తడి కాంక్రీటు చుట్టూ రెండుసార్లు తిరిగి, పొగగొట్టం ఎంత ఎత్తు ఉంటుందని అడిగాడు. మొదటి వాయి మీ ధాన్యమే పోస్తామని నాన్న చెప్పాడు. బాబాయి తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు. ఆయన వెళ్లిన చాలాసేపటిదాకా నాన్న గేటు దగ్గరే నిలబడ్డాడు.

సంక్రాంతికి సెలవు దొరుకుతుందా? దొరక్కపోతే ఎవరి చేతనైనా బియ్యం పంపిస్తాను, ఎన్ని కిలోలు తీసుకురానిస్తారో కనుక్కుని రాయి. 2022 పంట మీ ధాన్యమే పది బస్తాలు అటక మీద మాగుతోంది.

ఉంటాను. కరెంటు వచ్చింది, మిల్లు ఆడించాలి.

నీ
మిల్లు వాడు