లారీల వేగానికి హద్దు ఉంది, మధ్య దూరానికీ ఉండాలి

సంపాదకులకు,

సరుకు లారీలు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ బిగించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. అయితే ముందు ఏ బండి పోతోందో, ఎంత దూరంలో ఉందో ఆ పరికరానికి తెలియదు. ఆ వేగంలో లారీ సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండి బ్రేకు లైటు చూసి డ్రైవరు కాలు పెడల్ మీద పడేలోగానే 30 మీటర్లు దాటిపోతుంది. ఆపైన 28.5 టన్నుల నిండు బరువుతో ఉన్న పది టైర్ల లారీ ఆగడానికి పట్టే దూరం వేరు. హైదరాబాద్–విజయవాడ రహదారిపై తెల్లవారుజామున, పొగమంచులో సైతం, ఒకదాని వెనుక ఒకటి పది బారల ఎడం కూడా లేకుండా పరుగెత్తే లారీలను చూస్తే గుండె జల్లుమంటుంది.

రాడార్‌తో ముందున్న బండి దూరాన్ని కనిపెట్టి, వేగాన్ని దానంతటదే తగ్గించే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్, గుద్దుకునే ప్రమాదముంటే బ్రేకు వేసే అత్యవసర వ్యవస్థ ఎప్పుడో వచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2015 నవంబరు నుంచి కొత్త భారీ లారీల్లో అత్యధిక భాగానికి అత్యవసర బ్రేకు తప్పనిసరి. జర్మనీలో ఆటోబాన్ అనే వేగ రహదారి‌పై 50 కిలోమీటర్లకు మించిన వేగంతో పోయే లారీ, ముందు బండికి కనీసం 50 మీటర్ల ఎడం ఇవ్వాలన్నది చట్టం.

మన దగ్గర అసలు చిక్కు ఆ ఎడంతోనే వస్తుంది. లారీ ముందు 50 మీటర్లు ఖాళీ కనిపిస్తే ఎడమ నుంచి కారు దూరుతుంది. యంత్రం వేగం తగ్గించి మళ్లీ ఎడం ఇస్తే అందులోకి ఆటో వస్తుంది. సరుకు ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుందని తెలిసిన డ్రైవరు విసిగి మీట నొక్కి దాన్ని ఆపేస్తాడు. అతన్ని ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. లేన్ తప్పి అడ్డంగా దూరే కార్లకు జరిమానా వేయకుండా, సరుకు చేరాల్సిన గడువును సడలించకుండా లారీకి రాడార్ బిగిస్తే అది కాగితాల మీదే పనిచేస్తుంది.

మరో విషయం. కొన్ని క్రూయిజ్ కంట్రోళ్లు కదిలే బండినే లెక్కలోకి తీసుకుంటాయి. రాత్రివేళ దారి పక్కన లైట్లు లేకుండా నిలిపిన లారీని వెనుక నుంచి గుద్దే ప్రమాదాలు మన రహదారులపై తరచుగా జరుగుతున్నాయి కనుక, ఆగివున్న వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసేదాన్నే ప్రమాణంగా పెట్టాలి. అరిగిన బ్రేకు లైనింగులతో యంత్రం ఎంత త్వరగా ఆదేశించినా లారీ ఆగదు. ఫిట్‌నెస్ పరీక్షలో రాడార్‌ను, బ్రేకులను కలిపి, లోడు వేసి పరీక్షించాలని రవాణా శాఖను కోరుతున్నాను.

– ఒక లారీ యజమాని, సూర్యాపేట