బాకీ తీర్చని పశ్చాత్తాపం

సంపాదకులకు నమస్కారం.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయంటే ఊరూరా ఉజ్జీవ సభలు జరుగుతాయి. పందిళ్ల కింద వందలమంది మోకరించి 'తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా' అని కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను. అయితే బైబిలు అడిగే ఒప్పుకోలులో సగమే అక్కడ జరుగుతోంది. తెలియక చేసినవాటి సంగతి అలా ఉంచండి. తెలిసి చేసిన పాపానికి పేరుంటుంది, తేదీ ఉంటుంది, చాలాసార్లు రూపాయల్లో లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్క ఎవరికి అప్పజెప్పాలో వేదిక మీద చెప్పేవారు తక్కువ.

'అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు' అంటుంది సామెతల గ్రంథం. ఎందుకు వర్ధిల్లడో దావీదు రాజు జీవితం చూపిస్తుంది. తాను వ్యభిచరించిన బత్షెబ గర్భవతి అని తెలియగానే ఆమె భర్త ఊరియాను యుద్ధరంగం నుంచి పిలిపించి ఇంటికి వెళ్లమన్నాడు. వెళ్లకపోతే తర్వాత తాగించి చూశాడు. అయినా వెళ్లలేదు. చివరికి అతన్ని పోరు ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టి వెనక్కి తగ్గమని సేనాధిపతి యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఆ పోరులో ఊరియాతోపాటు ఇంకొందరు సైనికులూ చనిపోయారు. వాళ్ల పేర్లు కూడా ఎక్కడా లేవు. ఒక వ్యభిచారాన్ని దాచడానికి ఇన్ని ప్రాణాలు ఖర్చయ్యాయి.

నాతాను ప్రవక్త వచ్చేసరికి బిడ్డ పుట్టాడు. అంటే నెలల తరబడి రాజు నోరు మెదపలేదు. ఆ మౌనంలో ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో ఉంది. కానీ అన్నిటికంటే భయపెట్టేది మరొకటి. పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను చెప్పగానే, అది తన కథేనని గ్రహించక దావీదు మండిపడ్డాడు. వాడు చావదగినవాడన్నాడు, ఒకదానికి నాలుగు ఇవ్వాలన్నాడు. తన పాపాన్ని కడుపులో దాచుకున్నవాడికి ఎదుటివాడి పాపం మీద అంత కోపం వస్తుంది. సంఘంలో ఎవరైనా ఉన్నట్టుండి అందరి తప్పులూ ఏరడం మొదలుపెడితే పెద్దలు ఒకసారి ఆలోచించాలి.

దేవుని ఆజ్ఞ మీరి పట్టుబడినప్పుడు 'పాపము చేసితిని' అని దావీదుకు ముందు రాజైన సౌలు కూడా అన్నాడు. అంతకుముందు నెపం జనం మీదికి నెట్టాడు. తర్వాత జనులకు జడిశానన్నాడు. ఆపైన పెద్దల ఎదుట నన్ను గౌరవించు అని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. నాతాను ముందు దావీదు అన్నది 'నేను పాపము చేసితిని' అన్న ఒక్క వాక్యం, అందులో మరొకరి పేరు లేదు. నిజమైన ఒప్పుకోలును గుర్తించడానికి ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు. 'నా వల్ల ఏమైనా బాధ కలిగి ఉంటే' అని ఎవరైనా మొదలుపెట్టారంటే ఒప్పుకోలు ఇంకా మొదలుకానట్టే.

ఇక లెక్క సంగతి. లేవీయకాండము 6వ అధ్యాయం చాలా స్పష్టంగా ఉంటుంది. దాచమని ఇచ్చినదాన్ని కాజేసినా, మోసం చేసి తీసుకున్నా, దొరికిన వస్తువు గురించి అబద్ధమాడినా, అసలు మొత్తానికి ఐదో వంతు కలిపి సొత్తుదారుకు ఇవ్వాలి. అపరాధ పరిహార బలి ఆ తర్వాతి వచనంలో వస్తుంది. అన్నదమ్ముడి వాటాలో యాభై వేలు మింగినవాడు అరవై వేలు పట్టుకుని అన్నదమ్ముడి గడప ఎక్కాలి, బలిపీఠం దగ్గరికి ఆపైన రావాలి. యేసు కొండమీద చెప్పిన వరసా ఇదే: అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్లి సహోదరుడితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించు.

దొరికిపోయిన దొంగకు ధర్మశాస్త్రంలో శిక్ష వేరు. దొంగిలించిన గొర్రెను కోసినా అమ్మినా నాలుగు గొర్రెలు, ఎద్దుకు ఐదు ఎద్దులు. అది ప్రాణంతో చేతిలో దొరికితే రెండింతలు. తప్పు తానుగా ఒప్పుకొన్నవాడికి ఐదో వంతే అదనం. తిరిగి రాదలచినవాడికి దారి తేలికగా ఉండాలనే ఆ తేడా పెట్టారని నేను నమ్ముతాను. యేసును ఇంటికి చేర్చుకున్న సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య ఆ తేలిక దారి ఎంచుకోలేదు. ఎవరూ అడగకుండానే దొరికిన దొంగ రేటును తన మీద తానే వేసుకుని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆస్తిలో సగం బీదలకన్నది దానికి అదనం.

సొత్తుదారు చనిపోయి, పరిహారం పుచ్చుకోవడానికి బంధువు కూడా లేకపోతేనే ఆ సొమ్ము దేవునిదై యాజకుడికి చెందుతుందని సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ఉంది. మన దగ్గర ఈ వరస తలకిందులైంది. మోసపోయినవాడు పక్క వీధిలోనే ఉంటాడు, మోసం చేసినవాడు మందిరానికి టైల్స్ వేయిస్తాడు. కానుక పెట్టెలో వేసిన డబ్బుతో పొరుగువాడి బాకీ తీరదు. అలాంటి కానుక అని తెలిసినప్పుడు దాన్ని వెనక్కి పంపే ధైర్యం సంఘ కాపరులకు (పాస్టర్లకు) ఉండాలి. దొంగసొత్తు తిరిగి ఇవ్వాలని కతోలిక శ్రీసభ సత్యోపదేశమూ చెబుతుంది కాబట్టి ఇది ఒక్క శాఖ మాట కాదు.

కట్నం సంగతే తీసుకోండి. క్రైస్తవ కుటుంబాలు కట్నం తీసుకుంటాయి, ఆ పెళ్లిని సంఘం ఆశీర్వదిస్తుంది, ఏ శ్రమకాల సభలోనూ దాన్ని పేరు పెట్టి ఒప్పుకున్నట్టు వినం. 1961 వరకట్న నిషేధ చట్టం 3వ సెక్షను ప్రకారం తీసుకున్నా ఇచ్చినా కనీసం ఐదేళ్ల జైలు. 6వ సెక్షను ఇంకో మాట చెబుతుంది: పెళ్లికి ముందు ఎవరు పుచ్చుకున్నా, పెళ్లయిన మూడు నెలల్లో ఆ సొమ్ము పెళ్లికూతురికి అప్పగించాలి, అప్పటిదాకా ఆమె తరఫున ధర్మకర్తగా ఉంచాలి. అంటే చట్టం దృష్టిలో కూడా సొత్తుదారు ఆమే. కాబట్టి మారుమనస్సు పొందిన అత్తమామలు చేయవలసింది తెలిసిందే. నగదు కోడలి సొంత ఖాతాలో వేయాలి, నగలు ఆమె చేతికివ్వాలి, ఆ సొమ్ముతో స్థలం కొని ఉంటే ఆమె పేరున రిజిస్టరు చేయాలి. ఆమె తండ్రి వడ్డీకి తెచ్చి ఇచ్చాడేమో కనుక్కోవాలి. ఐదో వంతు అలాంటి నష్టాన్ని పూడ్చడానికేనని నా అభిప్రాయం. ఒక్కసారి ఇవ్వలేకపోతే కాగితం రాసి వాయిదాల్లో ఇవ్వొచ్చు. మొదటి వాయిదా మాత్రం ఆ నెలలోనే కట్టాలి.

ఎవరి ముందు ఒప్పుకోవాలన్నదీ ముఖ్యమే. దేవునికీ తనకూ మధ్య ఉన్నదాన్ని ప్రార్థనలో, ఒక మనిషికి చేసినదాన్ని ఆ మనిషి ముందు, సంఘం సొమ్ము తిన్నదాన్ని సంఘం ముందు లెక్కల పుస్తకంతో సహా. మైకులో సాక్ష్యం చెబుతూ ఇంకొకరి పేరు, ముఖ్యంగా ఒక స్త్రీ పేరు, బయటపెట్టడం కొత్త పాపం. క్షమాపణ అడిగినవాడు జవాబు కోసం తొందరపెట్టకూడదు. భార్యను కొట్టిన భర్త సభలో ఏడ్చాడని, క్షమించకపోతే నీకూ క్షమాపణ ఉండదని ఆ మరునాడే ఆమెను కాపురానికి పంపే పెద్దలు వాక్యాన్ని ఆమె మీదికి ఎత్తుతున్నారు. క్షమించడం వేరు, అదే ఇంట్లోకి వెళ్లడం వేరు.

పిల్లల మీద జరిగిన లైంగిక నేరాన్ని సంఘ పెద్దలు నాలుగు గోడల మధ్య ప్రార్థనతో ముగించడానికి వీల్లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోవడం 21వ సెక్షను కింద నేరం. నిజంగా పశ్చాత్తాపపడినవాడైతే తానే నడిచి స్టేషనుకు వెళ్తాడు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. స్వస్థత సభల్లో రోగిని నిలబెట్టి 'దాచిన పాపమేదో చెప్పు' అని గుచ్చి అడగడం క్రూరత్వం. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి కన్నవారిదీ కాదన్నాడు యేసు.

చివరిగా కాపరులకు ఒక విన్నపం. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో ప్రభువు బల్లను, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనను, ముందుగానే ప్రకటించి, చేసిన అన్యాయానికి శక్తికొద్దీ పరిహారం చెల్లించి రమ్మని హెచ్చరించే పాత క్రమం ఉంది. దాన్ని మళ్లీ వాడండి. గుడ్ ఫ్రైడే ముందురోజైన పరిశుద్ధ గురువారపు బల్లను, ఆ వారం మొదట వచ్చే మట్టల ఆదివారానికి ముందు ఆదివారమే ప్రకటిస్తే మధ్యలో పది రోజులుంటాయి. బ్యాంకుకు వెళ్లడానికీ, మాట్లాడటం మానేసిన అన్నదమ్ముడి ఊరికి బస్సెక్కడానికీ అవి సరిపోతాయి.

— ఒక విశ్రాంత సంఘ కాపరి, గుంటూరు